మాల లేని దీక్ష

2025వ సంవత్సరమున విజయదశమి అక్టోబరు 2వ తేదీన వచ్చినది. అది గాంధీ జయంతి. మద్యవిక్రయశాలలు మూసియుంచవలసిన దినము. తెలంగాణమున దసరా యన్న మాంసమును మద్యమును జంటగా వచ్చుట పలు కుటుంబములలో ఆచారము. కావున ఆ యేడు పండుగ ధర్మసంకటమున పడునని పలువురు తలచిరి. కాని సంకటము ధర్మమునకును కలుగలేదు, వ్యాపారమునకును కలుగలేదు. ముందు రెండు దినములలోనే సీసాలు ఇండ్లకు చేరినవి. నియమము దుకాణపు తలుపునకే గాని యింటి బీరువాకు వర్తింపదు గదా! మూడు నెలలు నిండకమునుపే డిసెంబరు 31వ తేదీ వచ్చును. ఆ రాత్రి దుకాణములను పండ్రెండు గంటల వరకును, బారులను ఒంటిగంట వరకును తెరచియుంచుటకు ప్రభుత్వము ప్రత్యేకానుమతి నొసగుట యిటీవల ఆనవాయితీ యైనది.

ఒకనాడు అమ్మరాదనియు, వేరొకనాడు ఎక్కువసేపు అమ్మవచ్చుననియు శాసించు ఈ పంచాంగమున, త్రాగుడు మానదలచిన వానికి చోటెక్కడ? దసరా మొదలు కనుమ వరకు సుమారు నూరు దినములు. దీపావళి, క్రిస్మసు, ఆంగ్ల సంవత్సరాది, భోగి, సంక్రాంతి, నడుమ నడుమ పెండ్లిండ్లు, గృహప్రవేశములు, బదిలీపై పోవు అధికారుల వీడ్కోలు విందులు. మిగిలిన తొమ్మిది నెలలు ఏదో విధమున నిగ్రహముతో గడపినవాడు ఈ నూరు దినములలో జారిపోవుట మనమందరము చూచుచున్నదే.

ఇది కూలినాలి చేసికొను వారి సమస్యయని నగరమునందలి విద్యావంతులు భావించుట కలదు. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ప్రకారము, తెలంగాణమున పదునైదేండ్లు దాటిన పురుషులలో నూటికి 43.3 మంది మద్యము సేవించుచున్నారు. దేశమంతటికిని ఆ సంఖ్య 18.8. పల్లెలలో హెచ్చు, నిజమే. కాని పట్టణములలోను మూడింట ఒక వంతు తేలినది. ఇంతమందిని కూలివారి పద్దున వ్రాయుట సాధ్యము కాదు. వీరిలో మన కోర్టులవారు, ఆసుపత్రులవారు, ఆఫీసులవారు గలరు.

శాసనబలము ఎంతవరకు పోగలదో తెలియవలెనన్న రాజధానిలో కూర్చుండి చూచుటకంటె సరిహద్దు గ్రామము నొకదానిని చూచుట మేలు. రాయచూరు నుండి మంత్రాలయమునకు పోవు బాటపై గిల్లేసూగూరు కలదు. రాయచూరు తాలూకా గ్రామము. 1956 నవంబరు 1వ తేదీ వరకు అది హైదరాబాదు రాష్ట్రములోనిది. అనగా మన యీ నగరమే దానికిని రాజధాని. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినది గాని, తెలుగు ఆ గీతను ఎరుగదు. ఆ ప్రాంతమున కన్నడము తెలుగు ఒకే నోట వినవచ్చును. తుంగభద్ర యెడమ కాలువ క్రింద వరి పండించుటకై ఆంధ్రదేశము నుండి తరలిపోయిన రైతుల ‘క్యాంపులు’ జిల్లాలో పెక్కులు.

అచటి మనుష్యునకు ఒక్క దినపు ప్రయాణములో మూడు ఆబ్కారీ శాసనములు తగులును. అతడున్న కర్ణాటకమున 2007 జూలై 1వ తేదీనుండి సారా నిషిద్ధము. ముద్రవేసిన సీసాలు, పొట్లములు మాత్రము లభించును. మంత్రాలయపు దారిని మాధవరము చేరినచో ఆంధ్రప్రదేశము. అచట 2019 నుండి 2024 వరకు దుకాణములను ప్రభుత్వమే నడపి ధరలు మిక్కిలిగా పెంచినందున, కర్ణాటకపు చవుక పొట్లములు సరిహద్దు దాటి కర్నూలు జిల్లాకు ప్రవహించినవి. మాధవరము చెక్‌పోస్టున పట్టుబడిన సరకు వార్తలు ఆ కాలమున పత్రికలకు నిత్యకృత్యములు. 2024 అక్టోబరు 16వ తేదీన ప్రైవేటు దుకాణములు తిరిగి వచ్చినవి. ఇక రాయచూరు దాటి కృష్ణ కావలి యొడ్డునకు పోయినచో తెలంగాణము. అచట కల్లునకు లైసెన్సు కలదు. శాసనములు మూడు. కాని చాపపై కూర్చున్న బావమరది చేయి చాచి “పండుగపూట కాదనకుము” అను మాట మూడు చోట్లను ఒక్కటే. ఆ మాటకు ఏ శాసనమునందును సెక్షను లేదు.

శాసనమును నేను చులకన చేయుట లేదు. దాని చరిత్ర మన తెలుగువారికి తెలియనిదియు కాదు. 1937 అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారు సేలము జిల్లాలో ప్రారంభించిన నిషేధము మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చినది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించినది. 1954 నవంబరున ఆంధ్ర రాష్ట్రపు తొలి మంత్రివర్గము, ప్రకాశం పంతులుగారిది, కూలినది ఈ నిషేధము చుట్టు పుట్టిన వివాదముననే. అదియు ఒక్క వోటు తేడాతో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, వయోజనవిద్య వాచకములోని పాఠము చదివి, సారా దుకాణమునకు అడ్డు నిలిచిరి. 1993 అక్టోబరున సారా పోయినది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చినది. 1997లో అదియు పోయినది. ఈ చరిత్రలో నాకు మిక్కిలి విలువగా తోచినది దూబగుంట. ఆ స్త్రీలు మొదట శాసనము నడుగలేదు. తమ వీధిలో ఏది మర్యాదయో, ఏది కాదో తామే నిర్ణయించిరి. శాసనము వెనుకనుండి నడచి వచ్చినది.

మర్యాద యను నీ మాటయే నా వ్యాసమునకు ముఖ్యము. దానికి సాక్ష్యము వెదకికొని దూరము పోనక్కరలేదు. కార్తికమాసము వచ్చుసరికి ప్రతి వీధిలోను నల్లని వస్త్రములు కనిపించును. అయ్యప్ప దీక్ష నలుబది యొక్క దినములు. రెండుపూటల చన్నీటి స్నానము, నేలపై పడక, పాదరక్షల విసర్జనము, మద్యమాంసముల త్యాగము. వారము దినములు మానలేనివాడు, భార్య బ్రతిమాలినను వినని వాడు, డాక్టరు బెదరించినను బెదరని వాడు, మాల వేసికొన్న మరుక్షణమున మానివేయును. నలుబది యొక్క దినములును ఉండును. ఇట్టివారు మన పరిచితులలో ఒక్కరైన లేని పాఠకుడు అరుదు.

దీనికి లోకమునందు వినవచ్చు సమాధానము దైవభీతి. భక్తిని తగ్గించి చూపుట నా యుద్దేశము కాదు. కాని సాక్షిని అడ్డుప్రశ్నలు వేయకుండ విడిచిపెట్టుట నా వృత్తికి అలవాటు లేదు. ఆ నలుబది దినములలో అతని మనస్సు మారెనా, చుట్టునున్న లోకము మారెనా? చూడుడు. నిన్నటివరకు “ఏరా” అన్నవాడు నేడు “స్వామీ” యనుచున్నాడు. అతడు ఎందుకు త్రాగడని ఎవ్వరును అడుగరు. అతడు గదిలోనికి వచ్చినచో ఇతరులు తమ గ్లాసులను బల్ల క్రిందికి దించుదురు. విందునకు పిలిచిన గృహస్థు తానే ముందుగా “స్వాములకు వేరుగ వండించితిమి” అని చెప్పును. సాయంకాలము బారువైపు పోవలసిన కాళ్లు సన్నిధానమువైపు పోవును. అచట తనవంటివారు పదిమంది, భజన, ఫలహారము. సందేహము కలిగిన అడుగుటకు గురుస్వామి కలడు. నిద్ర వేళకు వచ్చును, మెలకువ తెల్లవారకమునుపే. దినములకు లెక్క కలదు. ఇన్ని కాపులు పెట్టి ఏ మనుష్యుని నిలిపినను నిలుచును!

ఇప్పుడు మాల తీసిన రాత్రి యేమి జరుగుచున్నదో చూడుడు. డిసెంబరు 26 లేక 27వ తేదీన మండలపూజ. శబరిమల పోయి వచ్చినవాడు మాల విసర్జించును. నాలుగైదు దినములలో ముప్పదియొకటవ తేదీ. మకరజ్యోతి వరకు ఉన్నవానికి మరునాడే కనుమ. నిన్న గ్లాసును బల్లక్రింద దాచిన మిత్రుడే నేడు దానిని నింపి ముందునకు తోయును. “నలుబది దినముల దాహము తీర్చుకొనుము” అని పరిహాసము. ఆ మనుష్యుని సంకల్పము ఒక్క రాత్రిలో ఆవిరియైనదని మనము చెప్పుకొందుము. ఆవిరియైనది అతని సంకల్పము మాత్రమే కాదు. మనము అతనికి ఇచ్చిన మర్యాద. మెడలో మాల లేనివానికి “వలదు” అను హక్కు లేదని మన విందులు తీర్పు చెప్పుచున్నవి.

ఇచట శరీరధర్మ మొకటి కలదు. కొన్ని వారములు మానినవానికి మద్యమును ఓర్చుశక్తి తగ్గిపోవును. దీక్షకు ముందు త్రాగిన కొలతనే దీక్షానంతరము త్రాగినచో దెబ్బ మునుపటికంటె గట్టిగా తగులును. ‘దాహము తీర్చు’ మిత్రులు దీనిని తెలిసికొనుట మంచిది. గుండెజబ్బు ఏమియు లేని వారికిని సెలవు దినములలో విపరీతముగ త్రాగిన పిదప గుండె లయతప్పి కొట్టుకొనుటను అమెరికాలోని వైద్యులు 1978లో గుర్తించి, దానికి ‘హాలిడే హార్ట్’ అని పేరే పెట్టిరి.

నిరూపణభారము అను నొక సూత్రము మా వృత్తిలో కలదు. ఎవడు ఒక విషయమును వాదించునో వాడే దానిని రుజువు చేయవలెను. మన పండుగ విందులలో ఈ సూత్రము తలక్రిందులైనది. పోయువానిని “ఎందుకు పోయుచున్నావు?” అని అడుగువాడు లేడు, వలదనువానిని మాత్రము సభ యావత్తు విచారణ చేయును. “ఒంట్లో బాగుండలేదా? ఇంట్లో భయమా? ఒక్క పెగ్గునకే ఏమగును? నా మీద ఇంతేనా గౌరవము?” ఈ ప్రశ్నల వర్షమునకు తాళలేక అతడు అబద్ధము నాశ్రయించును. యాంటీబయాటిక్ వాడుచున్నాననును. ఆ అబద్ధము దసరాకు చెల్లును. దీపావళికి కూడ చెల్లవచ్చును. సంక్రాంతి వరకు ఒకే యాంటీబయాటిక్ వాడువాడు లోకమున ఉండడు గదా!

కావున పండుగలలో త్రాగకుండుట యను భారములో సగము పిలిచినవాని నెత్తిన ఉండవలెనని నా అభిప్రాయము. ఇది బరువైన పనియు కాదు. వలదన్నవానిని రెండవమారు అడుగకుండుట. మజ్జిగయో, నిమ్మరసమో, సోడాయో, అడిగి తెప్పించుకొనవలసిన అవసరము లేకుండ, మిగిలినవాటితోపాటు అదే పళ్లెములో త్రిప్పుట. అన్నిటికంటె ముఖ్యము, భోజనము వేళకు పెట్టుట. మన నగరపు విందులలో ఎనిమిదింటికి పిలిచి పదునొకండు గంటలకు గాని విస్తరి వేయరు; నడుమ మూడు గంటలు ఉట్టి కడుపుతో వేపుడు పల్లీలు నములుచు కూర్చున్నవానికి గ్లాసు తప్ప వేరు కాలక్షేపమేది? తొమ్మిదింటికి అన్నము పెట్టిన యింట త్రాగుడు దానంతటదే తగ్గును. అది నచ్చని అతిథులు కొందరుందురు. వారు రెండవమారు రాకున్నను ఆ యింటికి లోటేమియు లేదు.

మానదలచినవాని వైపు కొన్ని జాగ్రత్తలు కలవు. విందునకు ఆలస్యముగ పోయి త్వరగా లేచిరావలెను. అందుకై తిరుగుప్రయాణము తన చేతిలో నుండవలెను గాని స్నేహితుని కారుపై ఆధారపడరాదు. (ఆ స్నేహితుడు త్రాగి నడపినచో మోటారు వాహనముల శాసనము 185వ సెక్షను క్రింద, నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములు దాటినంతనే, తొలి తప్పునకు ఆరుమాసముల వరకు ఖైదుగాని పదివేల రూపాయల జరిమానాగాని రెండునుగాని కలవు.) ఆకలితో పోరాదు. చేతిలో ఏదో యొక పానీయమును మొదటినుండి పట్టుకొనియుండవలెను. ఖాళీచేతికే గ్లాసు వచ్చును. సభలో నొక్కనికైన నిజము చెప్పియుంచవలెను; ఆ యొక్కడు ప్రక్కన కూర్చుండిన సగము బలము. కొన్ని విందులకు పోకుండుటయే మంచిది. తొలి యేడు బంధువులు అలిగినను చింతలేదు.

దీక్షయందలి కాపులనే మతముద్ర లేకుండ కట్టిన సంఘమొకటి 1935లో అమెరికాలో ఓహయో రాష్ట్రపు ఆక్రను పట్టణమున పుట్టినది. షేర్ల వ్యాపారి యగు బిల్ విల్సన్, శస్త్రవైద్యుడగు రాబర్టు స్మిత్తు అను ఇరువురు త్రాగుబోతులు ఒకరినొకరు నిలుపుకొనుటతో ఆరంభమైన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అది. దేవుని పేరెత్తుదురు గాని ఏ దేవుడో చెప్పరు. సాయంకాలపు సమావేశము, గురుస్వామివంటి యొక పెద్ద, నేటికి మాత్రమే మానుదునను లెక్క, ఇవియే అందలి అంగములు. పూర్తి పేరు చెప్పనక్కరలేదు, రుసుము లేదు. 1957 మొదలు భారతదేశమునను ఈ సంఘములు కలవు. క్రిస్మసునుండి సంవత్సరాది వరకు ఒంటరిగ నుండలేనివారి కొరకు పాశ్చాత్యదేశములలో రాత్రింబవళ్లు ఎడతెగని సమావేశములు పెట్టుదురు. పండుగయే ప్రమాదకాలమని వారు గ్రహించిరి.

ఇంతవరకు చెప్పినది మానగలిగినవారిని గూర్చి. ప్రతిదినమును చాలకాలముగ త్రాగువాని సంగతి వేరు. “దసరా మొదలు మానివేసెదను” అని ప్రతిజ్ఞచేసి ఒక్కసారిగ ఆపుట వానికి ప్రాణాపాయము కావచ్చును. కడపటి మద్యము పుచ్చుకొన్న కొన్ని గంటలకు చేతులు వణకును, చెమటలు పట్టును. పండ్రెండు మొదలు నలుబదియెనిమిది గంటల లోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాల్గవ దినము వరకు మతి చలించి, లేనివి కనబడి, జ్వరము నాడీవేగము హెచ్చు ఘోరావస్థ కొందరికి కలుగును; చికిత్స లేకున్న దానివలన మరణము సంభవించును. ఇంటివారు దీనిని పండుగపూట పట్టిన గాలియనియో, దేవుడు పూనెననియో భ్రమపడి భూతవైద్యుని పిలుచుట కలదు. పిలువవలసినది వైద్యుని. మొదటి నాలుగు దినములు ఆయన పర్యవేక్షణమున, తగిన ఔషధములతో గడపినచో మిక్కిలి భయపడవలసినది లేదు. మాల వేయు గురుస్వాములు కూడ, నిత్యము త్రాగువాడు వచ్చినచో ముందు వైద్యునికడకు పంపుట పుణ్యకార్యము.

వేరొక అపాయము ప్రేమచే కలుగునది. 1948లో డెన్మార్కు పరిశోధకులు ప్రకటించిన డైసల్ఫిరామ్ అను మందు, తిన్నవాడు మద్యము పుచ్చుకొన్న ముఖమెర్రబడి, వాంతులు పుట్టి, గుండెదడ రేగి, రక్తపుపోటు పడిపోవునట్లు చేయును. తెలిసి, ఒప్పుకొని, వైద్యుని ఆజ్ఞపై వాడువానికి అది మంచి కాపు. కాని అతనికి చెప్పకుండ పప్పులోనో సాంబారులోనో కలిపి పెట్టు ఇల్లాండ్రు, తల్లులు మన దేశమున కలరు. అట్టివాడు పండుగవిందులో తెలియక త్రాగినచో అచటనే కుప్పకూలవచ్చును. ప్రాణము కాపాడదలచి ప్రాణము తీసినట్లగును. పాపము, వారి యావేదనకు జాలిపడుదును. కాని ఆ పని చేయరాదు.

కల్లు త్రాగువారి మాట గూడ చెప్పవలసియున్నది. కల్లు మద్యము కాదు, చెట్టుపాలు అని మన పల్లెలలో నమ్మకము. చెట్టునుండి దిగిన కల్లు సంగతి ఎట్లున్నను, దుకాణమున పోయునది అన్నివేళల చెట్టునుండి దిగినది కాదు. క్లోరల్ హైడ్రేటు అను పొడిని నీటిలో కలిపి ‘సేంది’ యని యమ్ముట రాయచూరు జిల్లా పోలీసులకు చిరపరిచితమైన నేరము. ఆ పదార్థమును 1832లో జర్మను రసాయనవేత్త లీబిగ్ కనిపెట్టెను. 1869 మొదలు వైద్యులు దానిని నిద్రమందుగ వాడిరి. తెలంగాణమున దానితోపాటు ఆల్ప్రాజోలాము మొదలగు మత్తుమాత్రలు కలుపుట జరుగుచున్నది. 2015 సెప్టెంబరున ప్రభుత్వము కల్తీకల్లును గట్టిగా అరికట్టగా, నిజామాబాదు, మహబూబునగరము, హైదరాబాదు ప్రాంతములలో వందలకొలది జనులు మూర్ఛలతోను మతిభ్రమణముతోను ఆసుపత్రులకు వచ్చిరి. త్రాగుటవలన కాదు, ఆగుటవలన! 2025 జూలైలో కూకటుపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి, ఈమారు త్రాగుటవలననే. అది మన నగరపు నడిబొడ్డు.

2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పరిశీలనము, మద్యమునకు బానిసలైనవారిలో ముప్పదియెనిమిదిమందికి ఒక్కరు మాత్రమే ఏదైన సహాయమును పొందుచున్నారని తేల్చినది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు నూటయెనుబదింట ఒక్కరు. నిపుణులైన మానసికవైద్యులు పట్టణములలోనే ఉండుట ఇందుకొక కారణము. దీనికి ప్రతిక్రియ వెదకిన ప్రయోగమొకటి గిల్లేసూగూరునకు పొరుగు జిల్లాయగు బళ్ళారిలోనే జరిగినది. బెంగుళూరు నిమ్హాన్సు వైద్యులు 1980ల నడుమ, తాలూకా ఆసుపత్రుల సామాన్యవైద్యులకే మనోవ్యాధుల చికిత్స నేర్పి చూపిరి. 1996లో ఆ బళ్ళారి నమూనాయే జిల్లా మానసికారోగ్య పథకమను పేర దేశమునకు వచ్చినది. రాయచూరునందే నేడు ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. మత్తు విడిపించుటకు సలహా నిచ్చు జాతీయ టెలిఫోను సంఖ్య 14446, రుసుము లేదు. ఫోనున గాని ఎదుట గాని వైద్యునకు దాచక చెప్పవలసినవి రెండు: దినమునకు ఎంత, కడపటిమారు ఏ వేళ. కల్లు త్రాగువాడైనచో మూడవది కూడ చెప్పవలెను: ఏ దుకాణపు కల్లు.